ఒకే విమ్, రెండు ప్రాజెక్టులు, ఒక ఉమ్మడి లైబ్రరీ: కంపైలు చేస్తే దోషం ఒకచోట, తెరుచుకునే ఫైలు మరొకచోట

లంకవాసి (అమలాపురం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారమండీ. నేను ఇంటి దగ్గరే ఉండి చిన్న వ్యాపారాలకు సీ భాషలో ప్రోగ్రాములు రాసి ఇస్తుంటాను. ప్రస్తుతం చేతిలో రెండు పనులున్నాయి. మొదటిది రొయ్యల చెరువులో కరిగిన ఆక్సిజన్‌ను కొలుస్తూ, తెల్లవారుజామున అది పడిపోయేటప్పుడు ఏరేటర్లను ఆన్ చేసే పరికరం లోపలి ప్రోగ్రాము. అది ఆర్మ్ చిప్పు మీద నడుస్తుంది కనుక దానికి వేరే కంపైలరు ఉంది. రెండవది రైస్ మిల్లులో కాటా చూపించే బరువును సీరియల్ పోర్టు ద్వారా చదివి, లారీ వారీగా ధాన్యం లెక్క కట్టే ప్రోగ్రాము. ఇది మామూలు లైనక్సు కంప్యూటరు మీదే నడుస్తుంది. సీరియల్ పోర్టులో వచ్చిన అక్షరాలను విడదీసి, సరిచూసి ఇచ్చే చిన్న లైబ్రరీ ఒకటి రెండింటికీ ఉమ్మడి. చెరువు, మిల్లు, లైబ్రరీ అనే మూడు డైరెక్టరీలు పక్కపక్కనే ఉంటాయి.

నేను వాడేది విమ్ అనే ఎడిటరు. ప్రతి ప్రాజెక్టుకూ ఒక చిన్న షెల్ ఫైలు రాసుకున్నాను. అది సీడీ కమాండుతో ఆ ప్రాజెక్టు డైరెక్టరీలోకి వెళ్లి, పాతవన్నీ క్లీన్ చేసి, కంపైలు పనులన్నీ చేయించే మేక్ అనే ప్రోగ్రామును మొదటి నుంచి నడిపిస్తుంది. ఎఫ్9 మీట నొక్కితే చెరువు షెల్ ఫైలు, ఎఫ్10 నొక్కితే మిల్లు షెల్ ఫైలు మేక్‌ప్రోగ్‌లోకి (విమ్ ఏ కంపైలు కమాండును నడపాలో చెప్పే ఆప్షను) వచ్చి నడుస్తాయి. విమ్‌ను మాత్రం ఎప్పుడూ చెరువు డైరెక్టరీ నుంచే తెరుస్తాను, అది అలవాటైపోయింది.

మొన్న జరిగింది చెబుతాను. మిల్లు ప్రోగ్రాములో మార్పు చేసి ఎఫ్10 నొక్కాను. కింద జాబితాలో ఎస్‌ఆర్‌సీ డైరెక్టరీలోని రీడ్ డాట్ సీ ఫైలులో 41వ వరుసలో, ప్రకటించని వేరియబుల్ వాడారన్న దోషం వచ్చింది. ఎంటర్ కొట్టాను, రీడ్ డాట్ సీ తెరుచుకుంది, కర్సరు 41వ వరుస మీద నిలిచింది. ఆ వరుసలో ఉష్ణోగ్రతను సరిదిద్దే లెక్క ఉంది. అందులో తప్పేమీ కనిపించకపోయినా ఏదో ఉండి ఉంటుందని ఒక వేరియబుల్‌ను పైన ప్రకటించి, మళ్లీ ఎఫ్10 కొట్టాను. అదే దోషం, అదే వరుస. ఇలా గంటన్నర కొట్టుకున్న తర్వాత, ధాన్యం కాటాకు ఉష్ణోగ్రతతో ఏం పని అన్న అనుమానం వచ్చింది. చూస్తే నేను తెరిచి దిద్దుతున్నది చెరువు ప్రాజెక్టులోని రీడ్ డాట్ సీ. రెండు ప్రాజెక్టుల్లోనూ అదే పేరుతో ఫైలు ఉండటం నా తెలివితక్కువే అనుకోండి, కానీ పేర్లు మార్చుకుంటూ పోవడం మందు కాదని నా అభిప్రాయం.

నాకు కావలసింది ఇదండీ: ఒకే మీట ఉండాలి, నేను ఏ ఫైలులో ఉంటే ఆ ప్రాజెక్టే కంపైలు కావాలి, దోషం మీద ఎంటర్ కొడితే సరైన ఫైలే తెరుచుకోవాలి. లైబ్రరీ ఫైలులో ఉన్నప్పుడు ఏది కంపైలు కావాలో మాత్రం నాకే తేలలేదు. వేరే ఎడిటరుకు మారమని చెప్పేవారు కూడా చెప్పవచ్చు, కానీ విమ్‌కు అలవాటు పడిన వేళ్లు ఇవి.


కాలవగట్టు (పాలకొల్లు) సమాధానం

లంకవాసి గారూ, మీ ఇబ్బందిలో రెండు ముళ్లున్నాయి. తప్పు ఫైలు తెరుచుకోవడం ఒకటి, ఏ ప్రాజెక్టో తేల్చుకోవడం మరొకటి. రెండూ ఒకేసారి బయటపడ్డాయి గానీ వాటి మూలాలు వేరు. మొదటిదే ముందు చెబుతాను, ఎందుకంటే మీ గంటన్నర తిన్నది అదే.

కంపైలరు దోషాన్ని చెప్పేటప్పుడు ఫైలు పేరును తనకు ఇచ్చినది ఇచ్చినట్టుగా చెబుతుంది. మీ మేక్‌ఫైలు (మేక్ ఏమేం చేయాలో రాసి ఉండే ఫైలు) దానికి ఎస్‌ఆర్‌సీ లోని రీడ్ డాట్ సీ అని ఇచ్చింది, అది అదే తిరిగి చెప్పింది. ఆ దారి ఎక్కడి నుంచి మొదలవుతుందన్నది ఆ వరుసలో లేదు. విమ్ తానున్న డైరెక్టరీ నుంచి మొదలవుతుందని అనుకుంటుంది, మీ విమ్ ఉన్నది చెరువులో. అక్కడ అదే పేరుతో ఫైలు దొరికింది కాబట్టి అనుమానం లేకుండా తెరిచేసింది. దొరకకపోయి ఉంటే ఖాళీ ఫైలు తెరుచుకుని మీరు అప్పుడే గ్రహించేవారు.

ఈ లోటును పూడ్చడానికే మేక్ తన అవుట్‌పుట్‌లో ఫలానా డైరెక్టరీలోకి వెళ్తున్నాను, ఫలానా దాని నుంచి బయటికి వస్తున్నాను అన్న వరుసలు రాస్తుంది. దోషాల వరుసలను ఎలా చదవాలో చెప్పే విమ్‌లోని ఎర్రర్‌ఫార్మాట్ మామూలుగానే ఆ వరుసలను గుర్తించి, ఆ తర్వాత వచ్చే ఫైళ్ల పేర్లను ఆ డైరెక్టరీకి కలిపి చదువుతుంది. అయితే మేక్ ఈ వరుసలను అన్నివేళలా రాయదు. ఒక మేక్ మరొక మేక్‌ను పిలిచినప్పుడూ, మైనస్ పెద్ద సీ అన్న ఆప్షనుతో డైరెక్టరీ పేరు ఇచ్చినప్పుడూ తనంతట తానే రాస్తుంది. మీలాగ ముందు షెల్‌లో సీడీ చేసి, ఆ తర్వాత ఉత్త మేక్ నడిపితే, డైరెక్టరీ మారినది షెల్‌కు తెలుసు గానీ మేక్‌కు తెలియదు, కనుక ఏమీ రాయదు. మీ షెల్ ఫైళ్లను పక్కన పెట్టి, మేక్‌కు మైనస్ పెద్ద సీ తో ప్రాజెక్టు డైరెక్టరీ పూర్తి దారి ఇవ్వండి. సీడీ తప్పదనుకుంటే మైనస్ చిన్న డబ్ల్యూ ఆప్షను చేర్చినా అదే ఫలితం వస్తుంది. అన్నట్టు, ఆ వరుసలు చికాకని ఎవరైనా మీ మేక్‌ఫైలులో నో-ప్రింట్-డైరెక్టరీ పెట్టి ఉంటే తీసేయండి. అవి మన కళ్ల కోసం కాదు, ఎడిటరు కోసం.

ఇక రెండవ ముడి. పంటబోదెలోకి నీరు రాకపోతే మనం బోదె వెంట పైకి నడుచుకుంటూ తూము దాకా వెళ్లి చూస్తాం కదా, విమ్‌తోనూ అదే చేయించవచ్చు. ఫైండ్‌ఫైల్ అనే ఫంక్షనుకు వెతకవలసిన ఫైలు పేరునూ, దారిగా చుక్క, దాని పక్కనే సెమికోలన్‌నూ ఇస్తే, అది ఇప్పుడు తెరిచి ఉన్న ఫైలు డైరెక్టరీలో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టు పైకి వెళ్తూ వెతుకుతుంది. చాలామంది దీనికి మేక్‌ఫైల్ అన్న పేరే ఇస్తారు, నేనూ మొదట్లో అలాగే ఇచ్చి దెబ్బ తిన్నాను. ఎస్‌ఆర్‌సీ లోపల కూడా ఒక మేక్‌ఫైలు ఉంటే అది అక్కడే ఆగిపోతుంది, మీకు సగం ప్రాజెక్టే కంపైలు అవుతుంది. గిట్ తన సమాచారం దాచుకునే డాట్ గిట్ కోసం వెతకడం కొంత మేలు, కానీ ఒక గిట్ ప్రాజెక్టు లోపల ఉంచిన మరొక ప్రాజెక్టులో, అంటే సబ్‌మాడ్యూలులో, డాట్ గిట్ డైరెక్టరీగా కాక ఫైలుగా ఉంటుంది కాబట్టి డైరెక్టరీ కోసమే వెతికితే దాన్ని దాటి పైకి పోతుంది. నేను చేసేది అన్నింటికన్నా మొరటు పద్ధతి: ప్రతి ప్రాజెక్టు మొదటి మెట్టులో డాట్ ప్రోజ్‌రూట్ అని ఒక ఖాళీ ఫైలు పెట్టి, దానికోసమే వెతికిస్తాను.

దొరికిన ఫైలు నుంచి డైరెక్టరీ పూర్తి దారిని ఎఫ్‌నేమ్‌మోడిఫైతో తీసి, షెల్ తప్పుగా చదవకుండా కొటేషన్లు పెట్టే షెల్ఎస్కేప్ గుండా పంపి, మేక్ మైనస్ పెద్ద సీ వెనుక అతికించి మేక్‌ప్రోగ్‌కు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు సెట్ వాడకండి. సెట్‌తో ఇస్తే ప్రతి ఖాళీ ముందూ వెనక్కి వాలిన గీత పెట్టవలసి వస్తుంది, అక్కడ ఒకటి మరచిపోతే సాయంత్రం దాకా కారణం దొరకదు. లెట్ తర్వాత ఆంపర్‌సాండ్, ఎల్, కోలన్, మేక్‌ప్రోగ్ అని రాస్తే ఆ బాధ ఉండదు, పైగా ఆ విలువ ఆ ఒక్క బఫరుకే, అంటే తెరిచిన ఆ ఫైలుకే, వర్తిస్తుంది. ఈ నాలుగు వరుసలనూ ఒక ఫంక్షనుగా చేసి ఎఫ్9కి కట్టుకుంటే ఎఫ్10 మీకు మిగిలిపోతుంది. (పేర్లన్నీ తెలుగులో రాశాను, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే వేసుకోవాలని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.)

ఆర్మ్ కంపైలరు పేరును మాత్రం విమ్‌లోకి రానివ్వకండి. కంపైలరు పేరు చెప్పే సీసీ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను విమ్‌లో మార్చితే ఆ విమ్ మూసేవరకు అది అలాగే ఉంటుంది, తర్వాత మిల్లు ప్రోగ్రాము కూడా ఆర్మ్ కోసమే కంపైలు అవుతుంది. ఏ కంపైలరు వాడాలన్నది ఆ ప్రాజెక్టు మేక్‌ఫైలే చెప్పాలి. ఎడిటరుకు తెలియవలసింది ప్రాజెక్టు ఎక్కడ ఉందన్న ఒక్క సంగతే.


పాతలాకు (కాకినాడ) సమాధానం

ఈమాక్స్ అనే వేరే ఎడిటరు వాడేవాడిని కాబట్టి నా మాట మీకు నేరుగా పనికిరాకపోవచ్చు గానీ, లైబ్రరీ గురించిన మీ సందేహానికి అక్కడ ఒక జవాబు ఉంది, దానిని విమ్‌లోకి తెచ్చుకోవచ్చు.

ఈమాక్స్ 28 నుంచి ప్రాజెక్ట్-కంపైల్ అన్న కమాండు ఉంది. ఏ ఫైలులో ఉన్నా అది ప్రాజెక్టు మొదటి మెట్టును తానే పట్టుకుని అక్కడి నుంచి కంపైలు చేస్తుంది. ప్రాజెక్టుకొక కమాండు కావాలంటే ఆ డైరెక్టరీలో డాట్ డిర్-లోకల్స్ డాట్ ఈఎల్ అన్న ఫైలు పెట్టి అందులో కంపైల్-కమాండ్ విలువ రాసుకుంటాం. కాలవగట్టు గారు చెప్పిన సీడీ చిక్కు కూడా ఇక్కడ కొంత తక్కువ, ఎందుకంటే కమాండు సీడీతోనే మొదలైతే ఈమాక్స్ దానిని చదివి తన డైరెక్టరీని మార్చుకుంటుంది. అయితే మీరు చేసినట్టు సీడీని షెల్ ఫైలు లోపల దాచితే ఈమాక్స్ కూడా మోసపోతుంది.

అసలు సంగతికి వస్తాను. ఈమాక్స్‌లో కంపైల్ వేరు, రీకంపైల్ వేరు. కంపైల్ మీరున్న ఫైలును బట్టి నడుస్తుంది, రీకంపైల్ మాత్రం మీరు ఎక్కడున్నా చివరిసారి కంపైలు చేసిన డైరెక్టరీలోనే మళ్లీ నడుస్తుంది. ఉమ్మడి లైబ్రరీ ఫైలులో కూర్చున్నప్పుడు ఏ ప్రాజెక్టు కంపైలు కావాలన్న ప్రశ్నకు ఆ ఫైలున్న చోటు ఎన్నటికీ జవాబు చెప్పలేదు, అది మీ మనసులో ఉంది. మిల్లు పని మీద ఉండి లైబ్రరీలోకి దిగితే మీకు కావలసింది మిల్లు, చెరువు పని మీద ఉంటే చెరువు. కనుక మీ ఫంక్షనులో కంపైలు చేసిన ప్రతిసారీ ఆ డైరెక్టరీని ఒక గ్లోబల్ వేరియబుల్‌లో దాచండి, ఎఫ్10 నొక్కితే దాచిన దానినే నడిపించండి. లైబ్రరీలో డాట్ ప్రోజ్‌రూట్ పెట్టకండి. అప్పుడు అక్కడ ఎఫ్9 నొక్కినా ఏమీ దొరకదు, దొరకనప్పుడు కూడా ఎఫ్10 పనే జరిగేలా రాసుకుంటే సరిపోతుంది.


కొల్లేటి కొంగ (భీమవరం) సమాధానం

పై ఇద్దరూ చెప్పినది సరైన దారే. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఎక్స్ఆర్‌సీ పెట్టుకోమని సలహా ఇస్తారు గనుక, ఆ మాట రాకముందే రెండు ముక్కలు రాస్తున్నాను.

విమ్‌లో ఎక్స్ఆర్‌సీ ఆప్షను పెడితే, విమ్ మొదలైన డైరెక్టరీలో డాట్ విమ్ఆర్‌సీ ఉంటే దానిని కూడా చదువుతుంది, కనుక ప్రాజెక్టుకొక మేక్‌ప్రోగ్ అందులో రాసుకోవచ్చన్నది ఆ సలహా. కానీ అది చదివేది విమ్ మొదలయ్యేటప్పుడే. ఒకే విమ్‌లో చెరువు నుంచి మిల్లుకు మారితే దానికి పట్టదు, మీ అసలు బాధ అదే కదా. రెండవ సంగతి భద్రత. సెక్యూర్ ఆప్షను పెడితే ఆ ఫైలులో షెల్ కమాండ్లు నడవవని చాలామంది ధైర్యంగా ఉంటారు. యూనిక్సు మీద, లైనక్సు మీద ఆ కట్టడి వర్తించేది ఆ ఫైలు మీది కానప్పుడు మాత్రమే. మీరు గిట్‌తో క్లోన్ చేసుకున్న ప్రతి ఫైలుకూ సొంతదారు మీరే అవుతారు కాబట్టి, ఎవరో రాసిన డాట్ విమ్ఆర్‌సీ మీదిగానే చెలామణి అవుతుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ అనే ఎడిటరు 0.9 నుంచి ఇటువంటి ఫైలును నమ్మమంటారా అని ముందు అడిగి గాని చదవదు, ఆ పద్ధతి మేలు.

ఫంక్షన్లు రాసే ఓపిక లేనివారికి, విమ్ 8.2 లో టీసీడీ అన్న కమాండు ఉంది. ప్రాజెక్టుకొక ట్యాబు తెరిచి, ఒక్కొక్క దానిలో ఒకసారి టీసీడీతో ఆ ప్రాజెక్టు డైరెక్టరీలోకి వెళ్లి కూర్చుంటే, ఆ ట్యాబులో నడిపిన మేక్ అక్కడే నడుస్తుంది, ఫైళ్ల పేర్లు కూడా అక్కడి నుంచే లెక్కకు వస్తాయి. నేను చాలాకాలం దానితోనే నెట్టుకొచ్చాను.

కాలవగట్టు గారు చెప్పని చిక్కు ఒకటుంది. క్లీన్ చేయడం మానేసిన తర్వాత మీకు వేగం రుచి తెలిసి, మైనస్ జే 4 అని నాలుగు పనులు ఒకేసారి నడిపిస్తారు, అందరం అదే చేస్తాం. అప్పుడు మిల్లు డైరెక్టరీ నుంచి వచ్చే వరుసలూ, లైబ్రరీ డైరెక్టరీ నుంచి వచ్చే వరుసలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. లైబ్రరీలోకి వెళ్తున్నానన్న వరుస తర్వాత మిల్లులోని దోషం వచ్చిందంటే, విమ్ దానిని లైబ్రరీ ఫైలుగా చదువుతుంది, మీరు మళ్లీ ఉష్ణోగ్రత దగ్గరికే చేరుతారు. మేక్ 4.0 నుంచి అవుట్‌పుట్-సింక్ అన్న ఆప్షను ఉంది, క్లుప్తంగా మైనస్ పెద్ద ఓ. దానిని చేర్చితే ఒక్కొక్క పని అవుట్‌పుట్‌ను విడివిడి కట్టలుగా ముద్రిస్తుంది, ప్రతి కట్టకూ ముందూ వెనుకా డైరెక్టరీ వరుసలను మళ్లీ రాస్తుంది. మైనస్ జే పెట్టిన చోట మైనస్ పెద్ద ఓ కూడా పెట్టడం అలవాటు చేసుకోండి.


లంకవాసి (అమలాపురం)

అందరికీ ధన్యవాదాలండీ. నిన్న రాత్రి కూర్చుని కాలవగట్టు గారి ఫంక్షనును ఎఫ్9కీ, పాతలాకు గారి సలహాను ఎఫ్10కీ కట్టుకున్నాను. మిల్లులో కావాలని ఒక తప్పు పెట్టి ఎఫ్9 కొట్టితే మిల్లు రీడ్ డాట్ సీయే తెరుచుకుంది, చెరువులోనూ అలాగే. షెల్ ఫైళ్లు తీసేశాను, దానితో ప్రతిసారీ క్లీన్ చేయడం కూడా పోయింది కనుక చెరువు ప్రోగ్రాము కళ్లు మూసి తెరిచేలోగా కంపైలు అవుతోంది.

అయితే కొత్త తలనొప్పి ఒకటి మొదలైంది. చెరువు కంపైలు చేశాక మిల్లులోకి వచ్చి ఎఫ్9 కొడితే, కంపైలు అంతా బాగానే సాగి చివర్లో ముక్కలన్నింటినీ కలిపే లింకరు దగ్గర ఆగిపోతోంది. జెనెరిక్ ఎల్ఫ్‌లో రీలొకేషన్లు ఉన్నాయి, ఈఎం 40 అని చెప్పి, ఫైలు తప్పు ఫార్మాట్‌లో ఉందంటోంది. లైబ్రరీ డైరెక్టరీలో క్లీన్ చేస్తే మిల్లు సరిగ్గా వస్తుంది, కానీ ఆ తర్వాత చెరువు చెడుతుంది. ఈ రెండింటిలో ఒకటే బతుకుతోంది. విమ్‌లో ఏమైనా తప్పు చేశానా?


కాలవగట్టు (పాలకొల్లు)

విమ్‌ది తప్పేమీ లేదండి. ఈ లోపం ముందు నుంచీ ఉంది, ప్రతిసారీ క్లీన్ చేయడం వల్ల మీకు కనబడలేదు. ఈఎం అంటే ఆబ్జెక్టు ఫైలు (సోర్సు ఫైలును కంపైలు చేస్తే వచ్చేది) ఏ యంత్రం కోసం తయారైందో చెప్పే సంఖ్య. ఎల్ఫ్ అనే ఆ ఫైళ్ల ఫార్మాటు లెక్కలో 40 అంటే ఆర్మ్, మీ లైనక్సు కంప్యూటరుది, 64 బిట్లదైతే, 62. అంటే చెరువు కోసం తయారైన లైబ్రరీ ఆబ్జెక్టు ఫైళ్లు అదే డైరెక్టరీలో ఉండిపోయాయి. మేక్ చూసేది ఫైలు తేదీనే గానీ అది ఏ కంపైలరు చేసిందో కాదు కాబట్టి, అవి తాజాగా ఉన్నాయని వదిలేసింది, మిల్లు లింకరు వాటిని చూసి బిత్తరపోయింది.

లైబ్రరీ సోర్సు ఒకటే ఉండనివ్వండి, ఆబ్జెక్టు ఫైళ్లు మాత్రం వేర్వేరు డైరెక్టరీల్లోకి పోవాలి. ధవళేశ్వరం దగ్గర నిలిచేది ఒకే నీరైనా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు దేని హెడ్ స్లూయిజు దానికే ఉన్నట్టన్నమాట. లైబ్రరీ మేక్‌ఫైలులో అవుట్‌పుట్ డైరెక్టరీకి ఒక వేరియబుల్ పెట్టి, చెరువు మేక్‌ఫైలు లైబ్రరీని పిలిచేటప్పుడు దానికి తన బిల్డు డైరెక్టరీ లోపలి దారినీ, తన కంపైలరు పేరునూ ఇవ్వాలి, మిల్లు తనవి ఇవ్వాలి. దారిని పూర్తిగా ఇవ్వండి, ఎందుకంటే మైనస్ పెద్ద సీ తో లైబ్రరీలోకి వెళ్లాక సగం దారికి అర్థం మారిపోతుంది.

మరొక్క జాగ్రత్త. లైబ్రరీ మారిందో లేదో మిల్లు మేక్‌కు నేరుగా తెలియదు కనుక, ప్రతిసారీ లైబ్రరీ మేక్‌ను పిలవవలసిందే. అందుకోసం లైబ్రరీ కంపైలయ్యాక వచ్చే డాట్ ఏ ఫైలునే ఫోనీగా, అంటే నిజమైన ఫైలు కాని పేరుగా, ప్రకటిస్తే ఏమీ మారకపోయినా ప్రతిసారీ మళ్లీ లింకు అవుతుంది. అలా కాక, ఫోర్స్ అన్న పేరుతో ఏ పనీ లేని ఒక టార్గెట్ పెట్టి, డాట్ ఏ ఫైలు దాని మీద ఆధారపడుతుందని రాయండి. అప్పుడు లైబ్రరీ మేక్ ప్రతిసారీ నడుస్తుంది, కానీ డాట్ ఏ తేదీ మారకపోతే మిల్లు మళ్లీ లింకు కాదు.


లంకవాసి (అమలాపురం)

రెండూ వరుసగా కంపైలు అయ్యాయండీ, మధ్యలో ఒక్కసారి కూడా క్లీన్ చేయలేదు. మొదట పూర్తి దారి ఇవ్వకుండా సగం దారి ఇచ్చాను, లైబ్రరీ లోపల బిల్డు అన్న కొత్త డైరెక్టరీ ఒకటి పుట్టింది. మీ హెచ్చరిక గుర్తుకొచ్చి సరిచేశాను. మైనస్ జే 4 కూడా పెట్టాను, మైనస్ పెద్ద ఓ తోపాటే.